పేరు రాయని ఫోటో పారేసిన ఫోటోతో సమానం

పోస్టు కొంచెం పెద్దదే. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

జాతర అయిన మర్నాడు మన గ్రూపుల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఒక్కొక్కరు యాభై, వంద ఫోటోలు పడేస్తారు. కింద "జై ఆదివాసీ" అని రాసి రెండు విల్లంబుల బొమ్మలు పెడతారు. లైకులు వస్తాయి, వారం తిరిగేసరికి ఆ ఫోటోలు అడుగుకు పోతాయి. ఆరు నెలలకు ఎవరో అడుగుతారు: "అన్నా, నిరుడు మా పెద్దాయన డోలు కొట్టిన ఫోటో మీలో ఎవరి దగ్గరన్నా ఉందా? ఆయన పోయిండు, ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు." గ్రూపులో వేల ఫోటోలు ఉంటాయి. ఆ ఒక్కటి మాత్రం దొరకదు. ఎందుకంటే దాని పేరు ఐఎంజీ తర్వాత పది అంకెలు. ఊరు పేరు, మనిషి పేరు, తేదీ ఎక్కడా లేవు. అలాంటి ఫోటో ఉన్నా లేనట్టే.

మనం ఫోటోలు తీస్తున్నాం గానీ దాచుకోవడం లేదు. దాచుకోవడం అంటే ఫోన్‌లో ఉంచుకోవడం కాదు, కావాల్సినప్పుడు దొరికేలా పెట్టుకోవడం. ఇది టెక్నాలజీ తెలిసినోళ్ల సరదా పని అనుకుంటే పొరపాటే. మన చరిత్ర ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఇది.

హైమండార్ఫ్ సంగతే తీసుకోండి. వియన్నా నుంచి వచ్చిన ఆయన 1940లలో నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు వచ్చాయి. ఆయన తీసిన ఫోటోలు, రాసుకున్న డైరీలు ఈరోజు లండన్‌లోని సోయాస్ అనే యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. మార్లవాయిలో ఆయనకు, బెట్టీ గారికి మనవాళ్లు సమాధులు కట్టి గౌరవించుకుంటున్నారు, అది న్యాయమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. రీలు వేసి తీసిన ఎనభై ఏళ్ల నాటి ఫోటో లండన్ బీరువాలో దొరుకుతుంది. మన ఫోన్‌తో మనమే తీసిన పోయినేటి దండారి ఫోటో మనకు దొరకదు. తేడా కెమెరాలో లేదు. ఆయన రాసుకున్నాడు, మనం రాసుకోవడం లేదు.

అలాగని ఆయన కాలం పద్ధతే గొప్పదని నేను అనను. ఆ కాలపు మానవశాస్త్ర ఫోటోల్లో ఎక్కువగా మనిషికి పేరుండదు, తెగకే ఉంటుంది. గోండు పురుషుడు, చెంచు స్త్రీ, అంతే. ఈరోజు ఫోటోలు అమ్ముకునే వెబ్‌సైట్లలోనూ అదే తంతు. నెమలి ఈకల టోపీతో ఉన్న గుస్సాడీని "ట్రైబల్ డాన్సర్" అంటారు. కొమ్ము కోయ అయినా, థింసా అయినా "ట్రైబల్ డాన్స్" అనే రాస్తారు. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి ఆయన పేరు దేశానికి తెలిసింది. ఆయన పక్కన ఆడినవాళ్ల పేర్లు ఎవరు రాశారు? బయటివాళ్లు రాయలేదని కోప్పడతాం. మన సొంత ఫోటో కింద మనం ఏం రాస్తున్నాం? "మన సంస్కృతి, మన సంప్రదాయం" అని. అందులో కూడా మనిషి పేరు లేదు కదా!

ఇక కడుపుకు సంబంధించిన విషయానికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమి మీద హక్కు కావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఆ భూమి మన చేతిలో ఉందని చూపాలి. 2008 నియమాల్లో 13వ నియమం ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో చెప్తుంది. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, వేసిన గట్లు, పెద్దల వాంగ్మూలం అందులో ఉన్నాయి. సామూహిక హక్కులకైతే దేవతల చెట్లు, వనాలు, శ్మశానాలు, నీటి వనరులు, దుంపలు పండ్లు ఏరుకునే చోట్లు కూడా లెక్కే. ఫోటో ఒక్కటే పట్టా తెచ్చిపెట్టదు, ఒకటికి మించి సాక్ష్యాలు చూడాలని నియమమే చెప్తుంది. కానీ 2003లో గుడిసె ముందు తీసిన పెళ్లి ఫోటోలో వెనక గట్టు, ఇప్పచెట్టు కనబడుతుంటే, తేదీ, ఊరు, అందులో ఉన్నవాళ్ల పేర్లు రాసి ఉంటే, గ్రామసభలో పెద్దాయన చెప్పే మాటకు అది ఎంత బలం! అదే ఫోటో వెనక ఏమీ రాసి లేకపోతే అది ఏ ఊరో, ఏ ఏడాదో ఎవడైనా అడగొచ్చు.

పోలవరం ముంపు ఊళ్ల సంగతి ఇంకా ఘోరం. దేవీపట్నం, వేలేరుపాడు, కుక్కునూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లోని కోయ, కొండరెడ్డి ఊళ్లలో కొన్ని ఇప్పటికే ఖాళీ అయ్యాయి, కొన్ని వరుసలో ఉన్నాయి. పాపికొండలు అని వెతికి చూడండి. లాంచీలు, టూరిస్టులు, సూర్యాస్తమయాలు వస్తాయి. అక్కడ బతికిన ఊళ్ల పేర్లతో వెతికితే ఏం దొరుకుతుంది? ఆ ఊరి పిల్లల ఫోన్లలో ఫోటోలు ఉన్నాయి. ఫోన్ పగిలిన రోజు ఆ ఊరు రెండోసారి మునిగినట్టే.

దీనికి మనోళ్లు మామూలుగా మూడు మాటలు అంటారు.

మొదటిది, "టైం లేదు." వంద ఫోటోలు పెట్టడానికి టైం ఉంది, ఇరవై ఏరి పేర్లు రాయడానికి లేదా? ఒకే గుంపును పదిసార్లు తీసినవి మనకెందుకు? మంచిది ఒకటి ఉంచండి. ఏరడంలోనే సగం పని అయిపోతుంది.

రెండోది, "గూగులే గుర్తుపడుతుంది, ఏఐ వచ్చింది కదా." మిషన్ డోలును గుర్తుపడుతుంది, చెట్టును గుర్తుపడుతుంది, ఒక ముఖాన్ని ఇంకో ముఖంతో పోలుస్తుంది. కానీ ఆ ముసలమ్మ ఎవరి అమ్మో, ఏ ఇంటిపేరో, అది కొత్తల పండుగో విత్తనాల పండుగో దానికెట్లా తెలుస్తుంది? మనం రాయకపోతే అది కూడా "ట్రైబల్" అనే అంటుంది.

మూడోది, "దొరికేలా పెడితే దొంగిలిస్తారు." ఈ మాటలో బలం ఉంది, ఒప్పుకుంటా. అన్నీ లోకానికి చూపాల్సినవి కావు. బయటివాళ్లు చూడకూడని పూజలు, పసిపిల్లల ముఖాలు, పోరాటంలో నిలబడ్డవాళ్ల ముఖాలు, వనదేవత గుడికి దారి చూపే లొకేషన్ బయట పెట్టొద్దు. ఫోటోలో ఉన్న మనిషిని అడగకుండా పేరు బయట రాయొద్దు. కానీ బయట పెట్టకపోవడం వేరు, రాసుకోకపోవడం వేరు. ఇంటి లెక్కలో అన్ని వివరాలూ రాసుకోండి, బయటికి ఏది పోవాలో ఊరివాళ్లతో కూర్చుని తేల్చుకోండి. ఇక దొంగిలించేవాడు పేరు లేని ఫోటోనే సులువుగా ఎత్తుకుపోతాడు. తీసినవాళ్ల పేరు, తేదీతో ముందే పెట్టుకున్న ఫోటో అయితే "ఇది మాది" అని నిలదీయొచ్చు.

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు.

1. ఫైలు పేరు మార్చండి. ముందు ఏడాది, తర్వాత నెల, తేదీ, ఊరు, విషయం. ఏడాది ముందుంటే ఫోటోలన్నీ వాటంతటవే కాలం వరుసలో నిలబడతాయి.

2. ప్రతి ఫోటో కింద ఐదు ముక్కలు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది, ఎవరు తీశారు. ఊరితో పాటు మండలం, జిల్లా కూడా రాయండి, ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉంటాయి. జిల్లాలు కూడా మారుతున్నాయి. నిన్నటి ఆదిలాబాద్ ఇవాళ నాలుగు జిల్లాలు.

3. పేర్లకు ఒకటే పద్ధతి పెట్టుకోండి. ఒకరు కొమరం అంటారు, ఒకరు కుమ్రం అంటారు, ఇంగ్లీషులో ఇంకో నాలుగు రకాలు. వెతికేవాడు ఏది కొడతాడో తెలియదు. ఒకటి ప్రధానంగా రాసి, మిగతావి పక్కన రాయండి. మన భాషలో ఉన్న పేరు తప్పకుండా రాయండి.

4. అక్షరాలు యూనికోడ్‌లో ఉండాలి. డీటీపీ షాపులో అను ఫాంట్స్‌తో కొట్టింది తెచ్చి అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి, వెతికితే దొరకదు. ఫోటో మీద రంగుల అక్షరాలు వేసి సరిపెట్టొద్దు, కింద విడిగా రాయండి. సొంత పేజీ ఉన్నవాళ్లు ఆల్ట్ టెక్స్ట్ ఖాళీగా వదలొద్దు. చూపులేని మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఫోన్ చదివి వినిపించేది అదే.

5. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, లోపల ఉన్న తీసిన తేదీ కూడా పోతుంది. అసలుది కావాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు లొకేషన్ కూడా వెంట పోతుంది, చూసుకుని పంపండి. అసలు కాపీలు రెండు చోట్ల ఉంచండి.

అన్నిటికంటే తొందర పని ఇంకోటి ఉంది. ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో ఉన్న ఫోటోలు. వాటిలో ఉన్నవాళ్లు ఎవరో చెప్పగలిగేది మన అవ్వ, తాత మాత్రమే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ ఫోటోలు ముందు పెట్టి అడగండి. వాళ్లు చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేయండి, ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో రాయండి. పెన్ను ఇంకు రెండో పక్కకు దిగుతుంది. నేర్చుకోవడానికి ఏ కోచింగ్ సెంటరూ అక్కర్లేదు. కానీ వాళ్లు పోయాక ఏ సాఫ్ట్‌వేరూ ఆ పేర్లు చెప్పలేదు.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఊరికొకరు ఈ పని పట్టుకోండి. ఈ గ్రూపు అడ్మిన్ అన్నలకు ఒక విన్నపం: ఊరు, తేదీ లేని జాతర ఫోటోను ఇక నుంచి ఆమోదించొద్దు. నాలుగు రోజులు గొణుగుతారు, ఐదో రోజు రాస్తారు.

మన పేరు వేరేవాళ్లు రాయలేదని ఇంకెన్నాళ్లు అడుగుదాం? ముందు మనం రాద్దాం.

జై ఆదివాసీ! జై సేవా!