కొల్లేటి చేపకున్న దారి పిల్లలకేదీ?

కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసు మధ్య సర్దుకుని లారీల్లో బెంగాల్, అస్సాం దాకా పోతాయి. ఏలూరు మగ్గాల మీద నేసిన తివాచీలు సముద్రాలు దాటి అమ్ముడవుతాయి. గోదావరి పల్లెల ఆడవాళ్లు ఇంటిపనులకు గల్ఫ్ వెళ్లి వస్తారు, ఇంజనీరింగ్ చదివిన పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా విమానం ఎక్కుతారు. ఊరు దాటి బతకడం ఈ నేలకు కొత్త కాదు. బాస్కెట్‌బాల్ ఆడి విదేశంలో జీతం తీసుకోవడం మాత్రం ఇక్కడి ఇళ్లలో ఇంకా మాటల్లోకి కూడా రాలేదు. ఆరడుగులు దాటిన కుర్రాణ్ని చూస్తే పోలీసు సెలక్షన్లకు పనికొస్తాడంటారు. బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందంటారు. ఆశ అక్కడితో సరి.

పంజాబ్‌లో మరోలా జరిగింది. అమృత్‌సర్ జిల్లా పల్లెలో పుట్టిన అమృత్‌పాల్ సింగ్ పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆడింది కబడ్డీ. ఆ తర్వాత లూధియానా బాస్కెట్‌బాల్ అకాడమీకి చేరాడు. అక్కణ్నుంచి భారత జట్టుకు, జపాన్ క్లబ్‌కు, 2017లో ఆస్ట్రేలియా లీగ్‌లోని సిడ్నీ కింగ్స్‌కు వెళ్లాడు. భారత్‌లో పుట్టి ఆ లీగ్‌లో ఆడిన మొదటివాడు అతనే. బర్నాలా జిల్లాలోని బల్లోకే అనే రైతుల ఊరి నుంచి వచ్చిన సత్నాం సింగ్‌దీ అదే అకాడమీ. పద్నాలుగేళ్ల వయసులో, 2010లో, ఇంగ్లీషు సరిగా రాకుండానే ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. 2015లో, అమెరికా ప్రధాన లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, డల్లాస్ మావెరిక్స్ అతణ్ని 52వ స్థానంలో తీసుకుంది. భారత్‌లో పుట్టినవాళ్లలో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు ఎంపికైన తొలి ఆటగాడు అతను. ఆ మరుసటి ఏడాది ఎన్‌బీఏ అభివృద్ధి లీగ్ డ్రాఫ్ట్‌లో లాంగ్ ఐలాండ్ నెట్స్ తీసుకున్న పాల్‌ప్రీత్ సింగ్ బ్రార్ కూడా లూధియానాలో తయారైనవాడే.

ముగ్గురూ ఒకే అకాడమీ నుంచి వచ్చారు. వాళ్లేమీ ఢిల్లీ, ముంబై పిల్లలు కారు. ఒక జిల్లా కేంద్రంలో ఒక స్టేడియం, ఒక హాస్టల్, ఎస్. సుబ్రమణియన్ వంటి పట్టువిడవని కోచ్ ఉండటమే వాళ్లకు దొరికిన అదృష్టం.

ఆడపిల్లల దారి కూడా తెరుచుకునే ఉంది. కేరళకు చెందిన గీతు అన్నా జోస్ సదరన్ రైల్వే ఉద్యోగి. 2006 నుంచి ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్‌కు ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగ్‌లో చికాగో, లాస్ ఏంజెలెస్, శాన్ ఆంటోనియో జట్ల ట్రయల్స్‌కు వెళ్లింది. జట్టులో చోటు దక్కలేదు. అయినా తిరిగి వచ్చి భారత జట్టుకు ఆడింది, 2014లో అర్జున అవార్డు అందుకుంది. ఉద్యోగం చేస్తూనే విదేశీ సీజన్ ఆడవచ్చని ఆమె నిరూపించింది. కోటా ఉద్యోగమే గమ్యం కానక్కర్లేదు.

అయితే ఈ బతుకు గురించి తల్లిదండ్రులకు నిజం చెప్పాలి. విదేశాల్లో ఆడే బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో ఎక్కువమంది తారలు కారు, సీజన్‌కో ఊరు మారే పనివాళ్లు. ఎన్‌బీఏ తార కోబీ బ్రయంట్ తండ్రి జో బ్రయంట్ ఎనిమిది సీజన్లు ఎన్‌బీఏలో ఆడాక 1984లో ఇటలీ వెళ్లాడు. ఏడేళ్లలో రియెతి, రెజ్జో కలాబ్రియా, పిస్తోయా, రెజ్జో ఎమీలియా అని నాలుగు ఊళ్లు మారాడు. ఆరేళ్ల కోబీ అక్కడి బడుల్లో చదివి ఇటాలియన్ నేర్చాడు. తండ్రి పని ఎటు పోతే ఇల్లూ అటే పోయింది. ఒప్పందం సాధారణంగా ఒక్క సీజన్‌కే. చాలా లీగ్‌లలో జట్టుకు ఇంతమంది విదేశీయులే అన్న పరిమితి ఉంటుంది, కాబట్టి జట్టు ఓడితే ముందు మారేది విదేశీ ఆటగాడే. జీతం ఎగ్గొట్టే క్లబ్బులూ ఉన్నాయి. అలాంటి తగాదాలు తేల్చడానికే అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 2007లో జెనీవా కేంద్రంగా ఒక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది.

సత్నాం కథలోనూ ఎండ, నీడ రెండూ ఉన్నాయి. డల్లాస్ ప్రధాన జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడలేదు. దాని అనుబంధ జట్టు టెక్సాస్ లెజెండ్స్‌కు, తర్వాత కెనడాలోని సెయింట్ జాన్స్ ఎడ్జ్‌కు ఆడాడు. డోపింగ్ కేసులో 2020లో రెండేళ్ల నిషేధం పడింది. ఆ తర్వాత అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లర్ అయ్యాడు. ఏ మందు మింగాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టాలో పక్కనుండి చెప్పే మనిషి ఎంత అవసరమో ఈ కథ చెబుతోంది. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన కుటుంబాలున్న జిల్లాలకు ఆ అవసరాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

మనవాళ్లకు అంత ఎత్తేదీ అని అడిగేవాళ్లుంటారు. ఐదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలో పద్నాలుగు సీజన్లు ఆడాడు. ఐదడుగుల ఎనిమిదంగుళాల జపాన్ కుర్రాడు యూకీ కవమురా 2024లో మెంఫిస్ గ్రిజ్లీస్‌కు ఆడాడు. ఎత్తు లేని పిల్లలకు బంతి నడిపే చేతులు కావాలి. ఆ చేతులు రోజూ రెండు గంటల సాధనతో వస్తాయి.

సరిగ్గా ఆ రెండు గంటలే ఇక్కడ దొరకడం లేదు. బడిలో డ్రిల్లు మాస్టారి చలవతో ఆడిన పిల్లలు పదో తరగతి పరీక్షలవగానే ఇంటర్ హాస్టళ్లలోకి వెళ్తారు. తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్ రాత్రి దాకా సాగుతుంది, మైదానం ఊసే ఉండదు. సత్నాం ఫ్లోరిడా వెళ్లిన వయసు పద్నాలుగు, అమృత్‌పాల్ బాస్కెట్‌బాల్ పట్టిన వయసు పందొమ్మిది. ఆటగాడు తయారయ్యేది ఈ రెండు వయసుల మధ్యే. గోదావరి జిల్లాలు తమ పిల్లల్ని పోగొట్టుకుంటున్నదీ అక్కడే.

బాస్కెట్‌బాల్‌కు ప్రొ కబడ్డీ అంతటి లీగ్ లేకపోవడం మరో లోటు. 2014లో ప్రొ కబడ్డీ వచ్చాక కబడ్డీ ఆడే పిల్లవాడి గురించి ఇంట్లో మాట్లాడే తీరే మారింది. 2019 సీజన్‌కు తెలుగు టైటాన్స్ సిద్ధార్థ్ దేశాయ్‌ను కోటీ నలభై ఐదు లక్షలకు కొనుక్కుంది. 2022–23లో ఆరు నగరాల జట్లతో ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ జరిగినప్పుడు చెన్నై, బెంగళూరు, కొచ్చి కనిపించాయి, తెలుగు నగరం ఒక్కటీ లేదు.

ఈ ప్రాంతానికి కావలసినవి చాలావరకు చేతిలోనే ఉన్నాయి. ఏలూరులో అల్లూరి సీతారామరాజు స్టేడియం ఉంది, 1945 నాటి సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల ఉంది. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన నిట్, ఆ పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ చెన్నై–హౌరా లైను మీదే, రైల్లో గంటలోపు దూరంలో ఉన్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, కైకలూరు జట్లు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం ఆడుకోవడానికి పెద్ద నిధులు అక్కర్లేదు.

అసలు పని ఇంటర్ దగ్గర మొదలవ్వాలి. ఏలూరులో ఒక కోర్టుకు పైకప్పు, రాత్రి తొమ్మిది దాకా లైట్లు, పన్నెండు నెలలూ జీతం అందే ఒక కోచ్, కొల్లేటి లంక గ్రామాల పిల్లలు కూడా ఉండగలిగే ఒక హాస్టల్, అందులో ఎంపీసీ పుస్తకాలతో పాటు సాయంత్రం రెండు గంటల ఆట కావాలి. మొదటి ఏడాది ముప్పై మంది చాలు, అందులో సగం ఆడపిల్లలు. వచ్చే ఏడాది ఇంటర్ అడ్మిషన్ల బోర్డులు వెలిసేలోపు జిల్లా యంత్రాంగం, కళాశాలల యాజమాన్యాలు కూర్చుని ఆ ముప్పై సీట్లు ప్రకటించాలి.