కారే కుళాయికి వాస్తు కాదు, వాచరు కావాలి

కుళాయి కారితే ఆ ఇంట్లో డబ్బు నిలవదని వాస్తు చెప్పేవాళ్ళు అంటుంటారు. ఈ మాట వినగానే మన హేతువాద మిత్రులు నవ్వుతారు. నవ్వవలసిందే. కానీ మనం నవ్వేసి వెళ్ళిపోయాక ఏం జరుగుతుంది? కుళాయి కారుతూనే ఉంటుంది. ఆ ఇంటి ఇల్లాలు రాత్రంతా ఆ టపటప చప్పుడు వింటూనే ఉంటుంది. మర్నాడు వాస్తు పండితుడు మళ్ళీ వస్తాడు. మనం మాత్రం మళ్ళీ రాము. మన ఉద్యమంలో నాకు కనిపించే లోటు ఇదే. మూఢనమ్మకాన్ని తీసేస్తున్నాం, సమస్యను మాత్రం అక్కడే వదిలేస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం. సెకనుకు ఒక చుక్క చొప్పున కారుతోందనుకోండి. 20 చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. రోజుకు 86,400 సెకన్లు. అంటే రోజుకు 4.3 లీటర్లు, ఏడాదికి 1,500 లీటర్ల పైమాటే. ట్యాంకరు కొనుక్కునే కాలనీలో ఇది డబ్బే. వాస్తు పండితుడు చెప్పిన నష్టం నిజమే, చెప్పిన కారణమే అబద్ధం. కుళాయి ఏ మూలన ఉందన్నది ఇక్కడ అనవసరం. లోపల రబ్బరు వాచరు అరిగిపోయింది, అంతే.

మెయిన్ వాల్వు కట్టెయ్యండి. స్పానరుతో కుళాయి తల విప్పండి. పాత వాచరు తీసి జేబులో వేసుకుని హార్డ్‌వేరు షాపుకి వెళ్ళండి, అదే సైజుది కొన్ని రూపాయలకే ఇస్తాడు. బిగించి చూడండి. చుక్క ఆగితే మన ఊహ నిజం. ఆగకపోతే మన ఊహ తప్పు, వాచరు కూర్చునే చోట గీత పడి ఉండొచ్చు, ఇసుక రేణువు ఇరుక్కుని ఉండొచ్చు. ఈ మధ్య వస్తున్న పావు తిప్పు కుళాయిల్లో వాచరు బదులు చిన్న కార్ట్‌రిడ్జి ఉంటుంది, దాన్నే మార్చాలి. ఏది చేసినా ఫలితం ఐదు నిమిషాల్లో కళ్ళ ముందు ఉంటుంది.

కార్యకారణ సంబంధం అని మనం సభల్లో గంటల తరబడి చెప్పేది ఇదే కదా! తప్పని తేలే అవకాశం ఉన్న మాటే శాస్త్రీయమైన మాట. వాస్తుకి ఆ అవకాశం లేదు. ఈశాన్యం సరిచేసినా కష్టాలు తీరకపోతే నైరుతి బాగాలేదంటాడు. నైరుతి కూడా సరిచేస్తే జాతకం చూపించమంటాడు. వాచరు అలా తప్పించుకోలేదు.

ఇంకో ఉదాహరణ. గోడకి చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులు ఊడుతోంది. "ఈ గోడకి దోషం ఉంది, పడగొట్టండి" అన్నవాళ్ళున్నారు. మన పక్షాన కూడా ఒకాయన "వాటర్‌ప్రూఫ్ పెయింటు కొట్టించండి" అంటాడు. ఇద్దరూ అడగవలసిన మొదటి ప్రశ్న అడగలేదు. ఆ నీరు ఎక్కడినుంచి వస్తోంది? గోడ లోపలినుంచి ఊరుతోందా, లేక గదిలోని ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరవుతోందా? తెలుసుకోవడానికి ఖర్చు దాదాపు సున్నా. జానెడు ప్లాస్టిక్ కాగితం తీసుకుని, నాలుగు అంచులా టేపు వేసి గోడకి గట్టిగా అతికించండి. ఒకటి రెండు రోజులు వదిలెయ్యండి. కాగితం మన వైపు తడిస్తే అది గదిలోని ఆవిరి, కిటికీ తెరవాలి, తడి బట్టలు ఆ గదిలో ఆరెయ్యడం మానాలి. గోడ వైపు తడిస్తే నీరు గోడలోంచి వస్తోంది, పైపో, బాత్‌రూమో, పునాదో వెతకాలి. ఏది తేలకుండా పెయింటు కొట్టించడం కూడా ఒకరకం వాస్తే. డబ్బా మీద కంపెనీ పేరు ఉంటుంది, అంతే తేడా.

అందుకే మిత్రులారా, ఇంటి చిట్కాలన్నీ మంచివని నేను చెప్పడం లేదు. చిట్కాల్లోనూ మూఢనమ్మకాలు బోలెడు. వంటసోడాలో వెనిగరు పోస్తే బుసబుసా పొంగుతుంది. ఆ పొంగు చూసి సింకు గొట్టం శుభ్రమైపోయిందని వాట్సాప్‌లో అందరూ పంపుకుంటారు. సోడా క్షారం, వెనిగరు ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది చాలావరకు ఉప్పు కలిసిన నీళ్ళే. పొంగు కార్బన్ డయాక్సైడు. చేతిలోంచి విభూతి రాలితే మహిమ అనుకోవడానికీ, పొంగు చూసి శక్తి అనుకోవడానికీ పెద్ద తేడా లేదు. జిడ్డు పట్టిన గొట్టానికి మరిగే నీళ్ళు, సబ్బు, అదీ చాలకపోతే రబ్బరు పంపు, ఇవే పనిచేస్తాయి. కొందరు ఇంకా ముందుకెళ్ళి బ్లీచింగ్ పౌడరులో టాయిలెట్ యాసిడ్ కలుపుతారు. అలా కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్‌రూములో అది ప్రాణాంతకం.

ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందని అమ్మే పెట్టెలు కూడా ఈ కోవలోవే. లోపల ఉండేది మామూలుగా ఒక కెపాసిటరు, ఒక లైటు. మన ఇళ్ళ మీటర్లు కొలిచేది యూనిట్లను, కెపాసిటరు వాటిని తగ్గించదు. నమ్మకపోతే ఒక్క ఫ్యాను మాత్రమే వేసి, మీటరు మీద ఎర్రలైటు పది నిమిషాల్లో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. పెట్టె పెట్టి మళ్ళీ లెక్కపెట్టండి. తర్వాత అమ్మినవాణ్ణి అడగండి.

మరి పాత ఇంటి అలవాటు నిజంగా పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది? దీనికి బంగ్లాదేశ్‌లో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. పాత చీర మడతపెట్టి నీళ్ళు వడకట్టుకోవడం మన ఉపఖండంలో అందరికీ తెలిసిందే. కలరా క్రిమి ఎంత చిన్నదంటే చీర నేతలోంచి సులువుగా జారిపోతుంది. అలాంటప్పుడు వడకట్టి ఏం లాభం? శాస్త్రజ్ఞురాలు రీటా కాల్వెల్ బృందం గమనించినదేమిటంటే, చెరువు నీళ్ళలో ఆ క్రిములు చాలావరకు కంటికి ఆనీ ఆననంత చిన్న జలచరాలను పట్టుకుని ఉంటాయి. ఆ జలచరాలు చీరలో చిక్కుకుంటాయి. ఉతికి ఉతికి పీచు లేచిన పాత నూలు చీర కొత్తదానికన్నా మేలు, ఎందుకంటే దాని కన్నాలు చిన్నవవుతాయి.

అక్కడితో ఆగిపోయి ఉంటే అది అందమైన ఊహ మాత్రమే. వాళ్ళు మట్లబ్ ప్రాంతంలో 65 గ్రామాలు తీసుకున్నారు. కొన్ని చోట్ల చీర, కొన్ని చోట్ల నైలాను జాలి, కొన్ని చోట్ల ఏమీ మార్చకుండా వదిలి, కలరా కేసులు లెక్కపెట్టారు. 2003లో ప్రచురించిన ఫలితం ప్రకారం చీర వాడిన గ్రామాల్లో కలరా 48 శాతం తగ్గింది. సగానికి దగ్గర, పూర్తిగా కాదు. కాబట్టి నీళ్ళు కాచుకోవడానికీ క్లోరిన్ వెయ్యడానికీ ఇది బదులు కాదు, కట్టెలు కూడా లేని ఇంటికి ఆసరా. పూర్వీకులు చెప్పారు కాబట్టి నిజం అనలేదు, పూర్వీకులు చెప్పారు కాబట్టి అబద్ధమనీ అనలేదు. పరీక్షించి చూశారు. మనకు కావలసిన తీరు అది.

ఇక ప్రాణాల సంగతి. ఇనుప కూలరు తాకితే జివ్వుమంటుంది. దిష్టి తగిలిందని గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టే ఇళ్ళు నేను చూశాను. ఆ ఇంట్లోనే సాకెట్టులో వైర్లు దూర్చి అగ్గిపుల్లలు గుచ్చి ఉంటాయి. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను అలంకారానికి కాదు, అది ఎర్తు. దాన్ని విరిచేసిన వస్తువు ఎప్పుడైనా యముడే. మెయిను బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే నెలకోసారి దాని టెస్ట్ బటను నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోయినా, అసలు లేకపోయినా ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఇక్కడ సొంత మరమ్మతు వద్దు. పరీక్ష మీది, పని తెలిసినవాడిది.

గ్యాసు కూడా అంతే. పైపు అతుకుల మీద సబ్బు నురుగు రాస్తే, బుడగ లేచిన చోట లీకు ఉన్నట్టు. అగ్గిపుల్లతో చూడొద్దు. సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టకుండా బయటికొచ్చి 1906కి ఫోను చెయ్యండి. తన చేతిలో ఉన్న పని ఎంతవరకో తెలియడం కూడా హేతువాదమే.

దోమల విషయంలో మన అలవాటునే వాడుకోవచ్చు. డెంగీ దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి మామూలుగా వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి కూలరు, పూలకుండీ కింద పళ్ళెం, డ్రమ్ము ఖాళీ చేసి తోమితే అది పెరగదు. శుక్రవారం గడప కడిగే ఇళ్ళు మనకు లక్షల్లో ఉన్నాయి. గడపతో పాటు కూలరూ కడగమనండి. చిరిగిన దోమతెర ముక్క సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి కట్టమనండి. ఎవరి దేవుణ్ణీ తిట్టనవసరం లేకుండా జరిగే పని ఇది.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధిగా చేరింది. దాన్ని మనం ఉపన్యాసాల్లో చదువుతున్నాం. బి.ప్రేమానంద్ గారు (1930–2009) ఊరూరా తిరిగి బాబాల మహిమలను తన చేత్తో చేసి చూపించారు. ఆయన మాటకి బలం ఆ చేతులవల్లే వచ్చింది. ఈసారి మన సంఘం ఊళ్ళోకి వెళ్ళినప్పుడు, నిప్పుల మీద నడిచి చూపించే చోట పక్కనే ఒక బల్ల వేద్దాం. దాని మీద ఒక కుళాయి, నాలుగు సైజుల వాచర్లు, స్పానరు, మూడు పిన్నుల ప్లగ్గు, ఒక జానెడు ప్లాస్టిక్ కాగితం పెడదాం. వచ్చినవాళ్ళ చేతే విప్పించి, బిగింపిద్దాం. ముఖ్యంగా ఆడవాళ్ళ చేత, పిల్లల చేత. వాచర్ల ఖర్చు నేను పెట్టుకుంటాను. స్పానరు ఎవరు తెస్తారో చెప్పండి.