కనబడని దిబ్బ

ఎండాకాలం గాలి లేచిందంటే రాబర్ట్‌సన్‌పేటలో ఆరేసిన బట్టల మీద బూడిదరంగు పొడి వాలుతుంది. ఆడవాళ్లు నీళ్ల బిందెల మీద మూతలు పెట్టి కిటికీలు మూస్తారు. అది సైనైడ్ దిబ్బల మట్టి. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పదమూడు దిబ్బల్లో పడున్న 3.3 కోట్ల టన్నుల వ్యర్థం మాత్రం కదల్లేదు. బంగారం ఎవరెవరి ఇళ్లకో పోయింది, దుమ్ము మన ఇంట్లోకి వచ్చింది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, జిల్లాకు మళ్లీ కొత్త ఆశలు వస్తున్నాయి. నరసాపురలో ఐఫోన్లు బిగిస్తున్నారు. ఆ ప్లాంటు 2023లో విస్ట్రాన్ చేతి నుంచి టాటా ఎలక్ట్రానిక్స్‌కు వచ్చింది. అదే సంస్థ గుజరాత్‌లోని ధొలేరాలో చిప్పుల ఫ్యాక్టరీ కడుతోంది. పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు 2025 ఆగస్టులో కేంద్రం చిప్పుల ప్యాకేజింగ్ యూనిట్ మంజూరు చేసింది. గనుల భూముల్లో పారిశ్రామిక పార్కు మాట ఏళ్లుగా నలుగుతోంది. రేపు అక్కడికీ చిప్పుల ఫ్యాక్టరీ రావచ్చు. రావద్దని నేననను. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పరిగెత్తే పిల్లలకు ఊళ్లోనే పని దొరకాలి. కానీ అడగాల్సినవి పునాది తవ్వకముందే అడగండి.

మొదటి జాగ్రత్త ఇది. "మాదంతా సోలార్ కరెంటే" అని ఎవరైనా అంటే అక్కడితో తృప్తిపడకండి. 1902లోనే శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి మన గనులకు జలవిద్యుత్తు తెచ్చారు. ఇవాళ్టి లెక్కలో అది శుద్ధమైన కరెంటే. అయినా దిబ్బలు పెరిగాయి, కార్మికుల ఊపిరితిత్తులు సిలికోసిస్‌తో గట్టిపడ్డాయి. కరెంటు మంచిదైనంత మాత్రాన పని మంచిదైపోదు.

చిప్పుల తయారీలో అసలు చిక్కు కరెంటు ఒక్కటే కాదు, వాయువులు కూడా. సిలికాన్ పలక మీద గీతలు చెక్కడానికీ, యంత్రాల లోపలి గదులు శుభ్రం చేయడానికీ ఫ్లోరిన్ వాయువులు వాడతారు. వాటిలో ఖర్చు కానిది గొట్టాల్లోంచి బయటికి పోతుంది. నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ అనేది బొగ్గుపులుసు వాయువుకన్నా 16,000 రెట్లకు పైగా వేడి పట్టుకుంటుంది. కార్బన్ టెట్రాఫ్లోరైడ్ గాలిలో కలిస్తే 50,000 ఏళ్లదాకా పోదు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. బట్టల మీద పొడిలా వాలి మనల్ని హెచ్చరించదు.

ఈ వాయువుల్ని ఆపే దారి ఉంది. బయటికి పోకముందే కాల్చేసే యంత్రాలున్నాయి. అయితే కాల్చినప్పుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. దాన్ని నీళ్లతో కడిగి పట్టాలి. గాలిలో పోవాల్సింది అలా నీళ్లలోకి దిగుతుంది. ఆ నీటికి సున్నం కలిపి, ఫ్లోరైడ్‌ను బురదగా విడదీసి, భద్రమైన చోటికి తరలించాలి. ఈ చివరి పనిలో ఎవరైనా బద్ధకిస్తే ఏమవుతుందో కోలారు వాళ్లకు నేను చెప్పాలా? మన బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఇప్పటికే ఉంది. ఏడాది పొడవునా పారే ఏరు లేని జిల్లా ఇది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి పంపితే, వాటితో 2018 నుంచి మన చెరువులు నింపుకుంటున్నాం. అందుకే గాలి లెక్క అడిగినచోటే నీటి లెక్కా అడగండి.

మాటల గారడీ కూడా గుర్తుపట్టండి. "ఒక్కో చిప్పుకు ఇంత తగ్గించాం" అంటారు. చిప్పులు పదింతలైతే మొత్తం పెరిగినట్టే కదా! ప్రపంచ సెమీకండక్టర్ మండలి 1999లో, 1995తో పోలిస్తే 2010 కల్లా ఈ వాయువుల్ని 10 శాతం తగ్గిస్తామని మాటిచ్చి, 32 శాతం తగ్గించింది. అంటే చేతకాని పని కాదు. కానీ 2020కి పెట్టుకున్న గమ్యాన్ని చదరపు సెంటీమీటరు లెక్కకు మార్చేసింది. తైవాన్‌లోని టీఎస్ఎంసీ 2040 కల్లా పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తు, 2050 కల్లా నెట్ జీరో అంటోంది. ఆ రెండు తేదీల మధ్య పదేళ్ల తేడా చూడండి. కరెంటు గమ్యం వేరు, మొత్తం గమ్యం వేరు.

కాబట్టి అమ్మా, అయ్యా, ఏ కంపెనీ వచ్చినా గ్రామసభలో ఇవి అడగండి. ఏ ఏడాదితో పోల్చి తగ్గిస్తారు? మొత్తం ఎన్ని టన్నులు? వచ్చే అయిదేళ్లలో ఎంత? వాయువుల్ని కాల్చే యంత్రం ఆగితే ఉత్పత్తి కూడా ఆగుతుందా? ఫ్లోరైడ్ బురద ఏ లారీలో, ఎక్కడికి పోతుంది? ఫ్యాక్టరీ మూసేసే రోజున శుభ్రం చేసే డబ్బు ఇప్పుడే ఎక్కడ జమ చేస్తారు? జవాబులు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో షరతులుగా ఎక్కేదాకా అర్జీలు పెట్టండి.

పదమూడు దిబ్బలూ మన కళ్లముందే పెరిగాయి. అప్పుడు అడగలేకపోయాం. పద్నాలుగోది కంటికి ఆనదు. దాన్ని పట్టుకోగలిగేది ముందే రాయించుకున్న ఆ కాగితం మీదే.