శివారు కుళాయిలో క్లోరిన్ ఎంత?

తొలకరి పడిందంటే జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా కాలనీలో వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో మంచాలు చాలడం లేదు. వైద్య శిబిరం పెట్టారు, నీటి నమూనాలు ల్యాబ్‌కు పంపారు, నీళ్ళు కాచి తాగమని అధికారులు చెప్పారు. నాలుగు రోజులకు ట్యాంకర్లు వెళ్ళిపోతాయి, శిబిరం ఎత్తేస్తారు. ల్యాబ్‌కు వెళ్ళిన నీళ్ళలో ఏముందో మాత్రం ఆ కాలనీవాళ్ళకు ఎవరూ చెప్పరు.

2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్ళు తాగి పదిమందికి పైగా చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల మంచినీటి పైపుల్లోకి మురుగు చేరి ప్రాణాలు పోయాయి, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. 2024లో జగ్గయ్యపేటలో, దాచేపల్లిలో అతిసారం ప్రబలింది. అదే ఏడాది అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో పలువురిని పొట్టన పెట్టుకుంది. వీటిలో ఏదీ తుపానులా, భూకంపంలా మన చేతిలో లేకుండా వచ్చిపడింది కాదు. మురుగు కలిసిన నీళ్ళతో కలరా వస్తుందని లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు 1854లోనే వీధి పంపు దగ్గర నిలబడి చూపించాడు. నూట డెబ్బై ఏళ్ళుగా తెలిసిన కారణంతో మన పిల్లలు ఇంకా ఎందుకు చనిపోవాలి?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పట్టణాల్లో నీటిని అది శుభ్రంగా ఉండే చోట పరీక్షిస్తున్నాం, జనం తాగే చోట పరీక్షించడం లేదు. ఆ పరీక్ష ఫలితం కూడా ఫైలుకు చేరుతోంది తప్ప వీధికి చేరడం లేదు. ఈ రెండూ మారితే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

నీళ్ళు మన ఇంటికి ఎలా వస్తాయో చూద్దాం. కృష్ణా, గోదావరి డెల్టా పట్టణాలనే తీసుకోండి. కాలువ నీటిని సమ్మర్ స్టోరేజీ ట్యాంకులోకి తోడుకుంటారు. మనం మంచినీళ్ళ చెరువు అంటాం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఊరంతటికీ ఆ చెరువే దిక్కు. అక్కడి నుంచి నీళ్ళు ఫిల్టర్ బెడ్లకు వెళ్తాయి. పటిక కలిపితే మట్టి అడుగుకు దిగుతుంది, మిగిలింది ఇసుక పొరల్లో ఆగుతుంది. క్లోరిన్ గానీ బ్లీచింగ్ పౌడర్ గానీ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తారు. ఈ పని సక్రమంగా జరిగే ఊళ్ళో ట్యాంకు దగ్గర పట్టిన నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు.

అసలు ప్రమాదం ట్యాంకు దాటాక మొదలవుతుంది. మన పట్టణాల్లో నీళ్ళు వదిలేది పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. కొన్ని చోట్ల రోజు మార్చి రోజు. మిగతా వేళంతా పైపు ఖాళీగా ఉంటుంది. చాలా వీధుల్లో ఆ పైపు మురుగుకాలువ పక్కనుంచో, కాలువలోనుంచో వెళ్తుంది. మెయిన్ లైను నుంచి ఇంటికి వచ్చే సన్నపు ఇనుప పైపులైతే మరీను. కాలువను అడ్డంగా దాటే చోట అవి ఏళ్ళ తరబడి మురుగులో నాని తుప్పుపట్టి చిల్లులు పడతాయి. పైపులో నీళ్ళు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపూ ఆ చిల్లులోంచి నీళ్ళు బయటికి కారతాయే గానీ మురుగు లోపలికి రాదు. వాల్వ్ కట్టేసిన క్షణం నుంచీ లెక్క తిరగబడుతుంది. దిగిపోతున్న నీళ్ళు వెనక ఖాళీని వదులుతాయి, ఆ ఖాళీ బయటి మురుగును లోపలికి లాగుతుంది. దీనికి తోడు ఇళ్ళలో కుళాయికి నేరుగా మోటారు బిగిస్తున్నారు. ఒక ఇంట్లో మోటారు తిప్పితే పైన ట్యాంకు నిండుతుంది. అదే లాగుడుకు పక్క సందులో ఉన్న చిల్లులోంచి మురుగు లైనులోకి వస్తుంది. అది తాగేది ఆ ఇంటివాళ్ళు మాత్రమే కాదు, ఆ లైను మీద ఉన్న అందరూ.

పొద్దున్నే మొదటి బిందె నీళ్ళు రంగు మారి, వాసనతో వస్తే పారబోసి రెండో బిందె పట్టుకోవడం మన ఇళ్ళలో అలవాటైపోయింది. పారబోయడం మంచిదే. కానీ నీళ్ళు తేటపడినంత మాత్రాన క్రిములు పోయినట్టు కాదు. కంటికి తెల్లగా కనిపించే గ్లాసులో కూడా కలరా, కామెర్లు, టైఫాయిడ్ ఉండొచ్చు.

అందుకే నీటిలో క్లోరిన్ కాస్త మిగిలి ఉండాలంటారు. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రకారం వినియోగదారుడి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈకోలి అనే బ్యాక్టీరియా ఒక్కటీ కనిపించకూడదు. ట్యాంకు దగ్గర కలిపిన క్లోరిన్ దారి పొడవునా కాపలా మనిషిలా నీళ్ళ వెంట నడుస్తుంది. దారిలో మురుగు ఎదురైతే దానితో పోరాడి తాను ఖర్చయిపోతుంది. ట్యాంకు దగ్గర తగినంత క్లోరిన్ ఉండి, లైను చివరన ఉన్న శివారు కుళాయిలో సున్నా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో ఏదో దాన్ని తినేసిందని అర్థం. జనం జబ్బు పడకముందే మనకు అందే హెచ్చరిక అది. ట్యాంకు దగ్గర మాత్రమే పరీక్షిస్తే ఆ హెచ్చరిక ఎప్పటికీ వినపడదు.

ఈ పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును పక్కనున్న రంగుపట్టీతో పోల్చి చూడాలి. నిమిషాల్లో తేలిపోతుంది. మలం కలిసిందేమో చూడటానికి మరో తేలిక మార్గం ఉంది. మందు పూసిన కాగితం ఉన్న సీసాలో నీళ్ళు పోసి ఉంచితే, కలుషితమైన నీళ్ళు ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. దీన్ని 1982లో గ్వాలియర్‌లోని మన రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలే తయారుచేశారు. పదో తరగతి చదివిన ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోగల పనులివి.

కానీ అడిగేవాళ్ళు ఏరీ? స్తోమత ఉన్న ఇళ్ళన్నీ ఇరవై లీటర్ల క్యానుకు మారిపోయాయి. నెల తిరిగేసరికి క్యానుల బిల్లు కడుతున్నాం, కుళాయి పన్నూ కడుతున్నాం. డాక్టరు, లాయరు, మాస్టారు, కాంట్రాక్టరు, కౌన్సిలర్... ఊళ్ళో గొంతు వినిపించగలిగిన వాళ్ళెవరూ కుళాయి నీళ్ళు తాగనప్పుడు, ఆ నీళ్ళు ఎలా ఉన్నాయని మున్సిపాలిటీని నిలదీసేదెవరు? ఆ నీళ్ళు తాగేది పాకల్లో ఉండేవాళ్ళు, కట్టుబడి పనికి వలస వచ్చినవాళ్ళు, అంగన్‌వాడీ పిల్లలు. జబ్బు పడితే కూలి పోగొట్టుకునేదీ వాళ్ళే.

పోనీ క్యాను నీళ్ళు క్షేమమా అంటే అదీ భరోసా లేదు. క్యానుల్లో నింపే ఆర్వో యంత్రపు నీటిలో క్లోరిన్ మిగలదు. క్యానును సరిగ్గా కడగకపోయినా, పట్టేవాడి చేతులు శుభ్రంగా లేకపోయినా ఆ నీటిలో చేరిన క్రిములను అడ్డుకునేది ఏదీ ఉండదు. పైగా లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీటికి ఆర్వో అవసరం లేదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో స్పష్టం చేసింది. గోదావరి నీళ్ళు తాగే పట్టణంలో ఇంటింటికీ ఆర్వో దేనికి?

ఫ్లోరైడ్ పీడించే ప్రాంతాల సంగతి వేరు. మన దేశంలో ఫ్లోరోసిస్ 1937లో వెలుగులోకి వచ్చింది నాటి నెల్లూరు జిల్లాలోనే. నల్గొండలో, ప్రకాశం పశ్చిమ ప్రాంతంలో వంకరపోయిన కాళ్ళు, గారపట్టిన పళ్ళు చూసినవాళ్ళెవరూ బోరునీళ్ళు తాగమని చెప్పలేరు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటిన ఫ్లోరైడ్‌ను క్లోరిన్ ఏమీ చేయలేదు, కాచినా పోదు. అక్కడ నది నీళ్ళు తేవడమో, ఫ్లోరైడ్ తీసే యంత్రాలు పెట్టడమో తప్పనిసరి. అయితే నది నీళ్ళు వచ్చాక కూడా పైపుకు చిల్లుంటే మురుగు రానే వస్తుంది. కాబట్టి శివారు కుళాయి పరీక్ష అక్కడా కావాల్సిందే.

ఫలితాలు బయటపెడితే జనం భయపడతారని అధికారులు అనవచ్చు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. దాచిపెట్టడం వల్లే జనం క్యానుల వెంట పడ్డారు. ఈ రోజు మీ వీధిలో క్లోరిన్ లేదు, రెండు రోజులు కాచి తాగండి, లీకు వెతుకుతున్నాం అని ముందే చెప్పే మున్సిపాలిటీని జనం నమ్ముతారు. సిబ్బంది చాలరన్నది మాత్రం నిజం. ఔట్‌సోర్సింగ్ జీతం మీద తెల్లవారకముందే లేచి వాల్వులు తిప్పే మనిషిని, మురుగులో దిగి పైపు అతికించే ఫిట్టర్‌ను మనం తప్పు పట్టకూడదు. వాళ్ళకు కొత్త పైపులు, చేతికి తొడుగులు, సాయానికి మనుషులు ఇవ్వాల్సింది ప్రభుత్వం.

మనుషులు ఎక్కడి నుంచి వస్తారో మన పొరుగునే చూడొచ్చు. శ్రీకాకుళం దాటితే ఒడిశా. అక్కడి పూరీలో 2021 జులై నుంచి ఇరవై నాలుగు గంటలూ కుళాయిలో తాగగలిగే నీళ్ళు వస్తున్నాయి. అది సుమారు రెండున్నర లక్షల జనాభా ఉన్న ఊరు, పైగా యాత్రికుల తాకిడి. పైపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది కనుక మురుగు లోపలికి చొరబడదు. స్వయం సహాయక సంఘాల మహిళలు జలసాథీలుగా ఇంటి గుమ్మం దగ్గరే నీటిని పరీక్షిస్తారు. పల్లెల కోసం 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లోనూ ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్లు వాడటం నేర్పాలని పెట్టారు. పల్లెకు పనికొచ్చిన ఏర్పాటు పట్టణంలో ప్రతి వార్డుకూ ఎందుకు ఉండకూడదు? డ్వాక్రా ఉద్యమాన్ని దేశానికి చూపించిన రాష్ట్రంలో మహిళా సంఘాలకు కొదవా? ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాల్లో పౌర సదుపాయాలు చూసే ఎమినిటీస్ కార్యదర్శులు ఉన్నారు. వాళ్ళ చేతికో కిట్టు, సచివాలయం గోడకో బోర్డు ఇవ్వండి. వార్డులో శివారు కుళాయి దగ్గర రోజూ పరీక్ష జరగాలి. తేదీ, వీధి పేరు, క్లోరిన్ ఎంత అన్నది ఆ బోర్డు మీద తెలుగులో రాయాలి. సున్నా వస్తే ఆ వీధిలో దండోరా వేయించి, లీకు కట్టేదాకా ట్యాంకరు పంపాలి.

ఇది ఎవరి దయా కాదు. 74వ రాజ్యాంగ సవరణ నీటి సరఫరాను మున్సిపాలిటీల బాధ్యతల జాబితాలో చేర్చింది. హైదరాబాద్ జంట జలాశయాల చెంత పరిశ్రమ పెట్టబోయిన కేసులో సుప్రీంకోర్టు 2000లో ఇచ్చిన తీర్పు, శుభ్రమైన తాగునీరు అందించడం 21వ అధికరణం కింద ప్రభుత్వ విధి అని చెప్పింది. ఇక మిగిలింది మనం అడగడమే. క్యాను నీళ్ళు తాగేవాళ్ళు ముందుగా అడగాలి, ఎందుకంటే వాళ్ళ మాటకు విలువ ఉంది. కుళాయికి బిగించిన మోటారు ముందు మనమే తీసేద్దాం. తరవాత వార్డు సచివాలయానికి, మున్సిపల్ ఆఫీసుకు వెళ్దాం. ఓట్ల కోసం గడప తొక్కినవాళ్ళనూ కూర్చోబెట్టి అడుగుదాం: నిన్న మా వార్డు శివారు కుళాయిలో క్లోరిన్ ఎంత? జవాబుగా అంకె చెప్పలేని వాళ్ళకు మన ఊరి నీళ్ళ బాధ్యత అప్పగించకూడదు.