తీగలో జెన్ వెతకొద్దు

జపాన్ పేరున్న శిల్పి ఇనుప తీగతో ఏదైనా అల్లితే చాలు, విమర్శకులకు వెంటనే జెన్ బౌద్ధం గుర్తొస్తుంది. తోమోహిరో ఇనాబా తీగతో చేసే జంతువుల బొమ్మలనే తీసుకోండి. కొంత భాగం కుదురుగా, కండపట్టినట్టు ఉంటుంది. మరికొంత దూరం వెళ్లేసరికి తీగ పట్టు సడలి, పిల్లలు పెన్సిల్‌తో గీకిన గీతల్లా గాలిలోకి చెదిరిపోతుంది. ఆ చెదిరిన చోటుకు శూన్యమని పేరుపెట్టి, కాస్త తూర్పు దేశాల తత్వం జోడిస్తే వ్యాసం అయిపోతుంది. అంత బరువును చెదిరిన తీగ ఎలా మోస్తోంది, తీగ ఎక్కడ పలచబడింది అని అడిగేవాళ్లు అరుదు. గౌరవంలా కనిపించే ఈ అలవాటు నిజానికి బద్ధకం. తీగతోనే పనిచేసిన శిల్పి రూత్ అసావా పనిని దగ్గరగా చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

అసావా 1926లో కాలిఫోర్నియాలోని నార్వాక్‌లో, జపాన్ నుంచి వలస వచ్చిన కూరగాయల రైతుల ఇంట పుట్టారు. 2013లో కన్నుమూశారు. ఆమె శిల్పాలతో 2025లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన భారీ ప్రదర్శన ఆ ఏడాదే న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియానికి చేరింది. ఇనుము, ఇత్తడి, రాగి తీగలతో అల్లి పైకప్పు నుంచి వేలాడదీసిన ఆ బొమ్మల్లో గోళం లోపల మరో గోళం కనిపిస్తుంది. లోపలిదాన్ని విడిగా చేసి పెట్టారనుకుంటే పొరపాటే. తీగను ఉంగరాలుగా చుట్టి, ఉంగరంలో ఉంగరం దూర్చుకుంటూ అల్లుతూ పోతే, బయటి గోడే మెడ దగ్గర సన్నబడి, లోపలికి మళ్లి, అక్కడ మళ్లీ ఉబ్బుతుంది. మగ్గం లేదు, అచ్చు లేదు. ఏది లోపలో ఏది బయటో చూస్తూ చూస్తూ తికమకపడతాం. ఈ అల్లిక ఆమెకు 1947లో మెక్సికోలోని టొలూకాలో, గుడ్లు పెట్టుకునే తీగ బుట్టలు అల్లేవాళ్ల దగ్గర అబ్బింది. వస్తువు చుట్టూ మిగిలే ఖాళీని కూడా వస్తువంత శ్రద్ధగా చూడటం నేర్పింది నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీ గురువు యోసెఫ్ ఆల్బర్స్. నాజీల ఒత్తిడికి బౌహౌస్ కళా పాఠశాల మూతపడ్డాక అమెరికా చేరిన జర్మన్ ఆయన. చేతికి మెక్సికో, కంటికి జర్మనీ. ఇక జెన్‌కు చోటెక్కడ?

చిన్నప్పుడు శనివారాల్లో జపనీస్ బడికి వెళ్లి కుంచెతో అక్షరాలు దిద్దారు కదా, ఆ ప్రభావం ఉండదా అని అడగొచ్చు. ఉంటుంది, కాదనక్కర్లేదు. కానీ పొలం చదును చేసే గుర్రపు బండి వెనక కూర్చుని, వేలాడే కాళ్లతో మట్టిలో వంపులు గీసిన సంగతి కూడా ఆమే చెప్పుకున్నారు. మరి కాలిఫోర్నియా మట్టిని వదిలేసి కుంచెను మాత్రమే ఎంచుకోవడం ఎవరి అవసరం?

ఇంకో వాదన దీనికన్నా బలమైనది. 1942లో, అమెరికా జపాన్‌తో యుద్ధంలో ఉన్నప్పుడు, జపనీస్ సంతతివాళ్లన్న కారణంతో అసావా తండ్రిని అరెస్టు చేశారు. తల్లీపిల్లలను శాంటా అనీటా రేసుకోర్సులో గుర్రాల కొట్టంలో ఉంచి, తర్వాత అర్కాన్సాలోని రోవర్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆ శిబిరం చుట్టూ ఉన్న ముళ్లకంచె తీగే ఇలా శిల్పమైందని కొందరు రాస్తారు. కదిలించే ఊహే. అయితే శిబిరాల గురించి చెప్పాలనుకున్నప్పుడు ఆమె ఏం చేశారో చూడండి. 1994లో శాన్‌హోసేలో నిలిచిన స్మారకం కంచు ఫలకం. అందులో పొలాలు, అరెస్టులు, శిబిరాలు, మనుషులు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. చెప్పాల్సిన కథ ఉన్నప్పుడు ఆమె దాన్ని దాచలేదు. కాబట్టి తీగ బొమ్మల్లో దాచిన కథ కోసం తవ్వడం అనవసరం.

చూసేవాడికి తోచింది అనుకునే స్వేచ్ఛ లేదా? ఉంది. అయితే ఆ తోచడం ఎక్కడి నుంచి వస్తోందో గమనించాలి. 1955లో టైమ్ పత్రిక అసావానూ మరో శిల్పి ఇసాము నోగుచినీ ఒకే వ్యాసంలో తూర్పు దేశాల కళ కింద జమకట్టింది. ఆమె అందులో గృహిణిగా, పిల్లల తల్లిగా పరిచయమయ్యారు. నోగుచి పుట్టింది లాస్ ఏంజలెస్‌లో. ఇద్దరూ పుట్టుకతోనే అమెరికన్లు. 1942లో దాదాపు 1,20,000 మంది జపనీస్ సంతతివాళ్లను శిబిరాలకు పంపిన ఆలోచన కూడా ఇదే: మనిషి ఎక్కడ పుట్టి ఏం నేర్చినా, గుణాన్ని నిర్ణయించేది పూర్వీకుల దేశమేనని. మిల్వాకీలో టీచరు చదువు చదువుతున్న అసావాకు జపనీస్ సంతతి కావడం వల్లే బడిలో శిక్షణకు అవకాశం దక్కలేదు. డిగ్రీ ఆగిపోయింది, అప్పుడే ఆమె బ్లాక్ మౌంటెన్ దారి పట్టారు. ఆ ఆలోచన తిట్టుగా వచ్చినా పొగడ్తగా వచ్చినా మూలం మారదు. ఆమె ఖాళీని ఏమని పిలిచినా పిలవండి, టొలూకా బుట్టలవాళ్ల ఊసు ఎత్తాకే.