వాగు హద్దు ముందు, ఇంటి హద్దు తర్వాత

గుంటూరు బ్రాడీపేటలో కొత్తవాళ్లు కూడా ఇల్లు సులువుగా పట్టుకుంటారు. లైను అంకె ఒకటి, అడ్డరోడ్డు అంకె ఒకటి తెలిస్తే చాలు. ఇంగ్లీషు అధికారి పేరు పెట్టుకున్న ఈ పేటలో ముందు వీధులు గీశారు, తర్వాత ఇళ్లు లేచాయి. పెంకుటిళ్లు డాబాలై, డాబాలు అపార్ట్‌మెంట్లయినా ఆ వీధులు చెదరలేదు. గుంటూరు చుట్టూ ఇవాళ జరుగుతున్నది దీనికి తలకిందులు. ముందు ప్లాట్లు అమ్ముడవుతున్నాయి, ఇళ్లు లేస్తున్నాయి. నీళ్లకు దారేదన్న ప్రశ్న మొదటి పెద్ద వాన కురిశాకే వస్తోంది.

ఆ ప్లాట్లు కొనేవాళ్లలో బ్రాడీపేట వాళ్లు తక్కువేం కాదు. మిర్చి సీజను కలిసొచ్చిన కమీషన్ వ్యాపారి, పత్తి వ్యాపారంలో నాలుగు డబ్బులు మిగిలిన కుటుంబం, పింఛను చేతికొచ్చిన మాస్టారు, అమెరికా నుంచి పిల్లలు పంపిన సొమ్మును భద్రంగా ఎక్కడ పెట్టాలా అని ఆలోచించే తల్లిదండ్రులు. వెంచర్ కాగితం మీద అన్నీ బాగుంటాయి. నలభై అడుగుల రోడ్డు, పార్కు, తూర్పు ముఖం, ఈశాన్యం పెరిగిన స్థలం. వాస్తు చూపించుకుంటారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు. పక్కనున్న వాగు గట్టి వానకు ఎంత ఎత్తున పారుతుందో మాత్రం ఎవరినీ అడగరు. అడుగుదామన్నా జవాబు చెప్పే కార్యాలయం ఏదో తెలియదు.

ఆ జవాబు లేకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరు 1న కృష్ణ అవతలి ఒడ్డున చూశాం. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఏరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, వరదను ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపే ఏర్పాటు చాలా కాలంగా ఉంది. ఆ రోజుల్లో ఆ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. పోనీ కృష్ణలో కలుద్దామంటే కృష్ణే పోటెత్తి ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీరు నమోదైంది, అంతకుముందు 2009లో వచ్చిన రికార్డు వరదను కూడా అది దాటిపోయింది. దాంతో బుడమేరు నీరు తన పాత దారినే విజయవాడ సింగ్ నగర్ మీదకు, చుట్టుపక్కల కాలనీల మీదకు దిగింది. తాగే నీళ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం డాబాల మీద నుంచి చేతులు చాచిన జనాన్ని రాష్ట్రమంతా టీవీల్లో చూసింది.

వాళ్లంతా ఆక్రమణదారులేనని ఒక్క మాటలో తేల్చేసేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాట అన్యాయం. ఏరు గర్భంలో జాగా కబ్జా చేసి అమ్మినవాడు వేరు, కూడబెట్టుకున్న డబ్బుతో వాడి దగ్గర కొన్నవాడు వేరు. కొన్నవాడి దగ్గర రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉంటుంది, ఇంటి పన్ను రసీదు ఉంటుంది, కరెంటు మీటరు ఉంటుంది, ఒక్కోసారి బ్యాంకు అప్పు కూడా ఉంటుంది. ఇన్ని కార్యాలయాలు ముద్ర వేసిన చోటు ముంపు చోటని మామూలు మనిషి ఎలా కనిపెట్టగలడు?

మన వైపు వాగులు బుడమేరంత పేరున్నవి కావు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి, జమ్మూ తుమ్మా పెరిగి, చూసేవాడికి అవి వాగులని కూడా తోచదు. ప్రమాదం అక్కడే ఉంది. అదే వానల్లో, 2024 ఆగస్టు 31న, పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర వాగు దాటబోయిన కారు కొట్టుకుపోయి ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. వాన ఎక్కువగా ఉందని బడి వదిలేస్తే ఇళ్లకు బయల్దేరినవాళ్లు. ఆ ఊరు గుంటూరుకు దూరమేం కాదు. ఊళ్లోకి వస్తే, నగరం మురుగునూ వాననీటినీ మోయాల్సిన పీకలవాగు ఆక్రమణలతో ఎలా ఇరుకైపోయిందో అందరికీ తెలుసు. నల్లచెరువు అంటే ఇప్పుడొక పేట. గట్టి వాన పడితే మూడు వంతెనల కింద, కంకరగుంట అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచి, బ్రాడీపేట వాళ్లు అవతలికి పోవడానికి చుట్టు తిరగాలి.

రూల్స్ లేక ఇలా అయిందనుకుంటే పొరపాటు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్ ఈ విషయం స్పష్టంగానే రాశాయి. నది హద్దు నుంచి పట్టణాల్లో 50 మీటర్లు, పట్టణాల వెలుపల 100 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు అయితే నిండు మట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువ పక్కన 9 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 2 మీటర్లు. చదవడానికి బాగుంది. కానీ ఏ హద్దు నుంచి 9 మీటర్లు? నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ కలిసి ఆ హద్దు తేల్చి చెప్పాలి. గ్రామ పటంలో వాగు పోరంబోకు ఒక వెడల్పున ఉంటుంది. నేల మీద చూస్తే ఒకరు ఒక చాలు ముందుకు దున్ని, ఇంకొకరు గట్టు జరిపి, మరొకరు లేఅవుట్ రోడ్డు కింద రెండు తూము గొట్టాలు పరిచి వాగును బోదె చేసేశారు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పన్నెండు మీటర్ల వాగును కప్పి, పూడ్చి, తొమ్మిది మీటర్లకు కుదించారనుకోండి. ఇవాళ నేల మీద కనిపించే వెడల్పునే కొలిచి ప్లాన్ ఇస్తే, పక్కన వదలాల్సిన జాగా కూడా 9 మీటర్ల నుంచి 2 మీటర్లకు పడిపోతుంది. వాగును మింగినవాడికి ఒడ్డు కూడా దక్కుతుంది. అందుకే కొలత పాత రికార్డు నుంచి మొదలవ్వాలి తప్ప ఇవాళ్టి బోదె నుంచి కాదు.

మెరక సంగతి కూడా చెప్పుకోవాలి. పల్లపు పొలం కొన్న డెవలపర్ చేసే మొదటి పని లారీలతో మట్టి తోలించి మెరక చేయడం. కొనేవాళ్లకు అది భరోసాగా కనిపిస్తుంది. నల్లరేగడి నీటిని త్వరగా ఇంకనివ్వదు, నిలిచిన నీరు ఏదో ఒక పక్కకు పోవాలి. వెంచర్ మెరకైతే ఆ నీరు పక్క పొలంలో నిలుస్తుంది. ఆ పొలంలో లక్షకు పైగా పెట్టుబడి పెట్టిన కౌలు రైతు మిర్చి తోట ఉంటుంది. మిర్చి నాలుగు రోజులు నీళ్లలో నిలిస్తే వేరు కుళ్లుతుంది, పత్తి ఉరకెత్తుతుంది. ఆ రైతు ఏ లేఅవుట్ ఫైలులోనూ ఉండడు. అతని నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు. తర్వాత పక్క వెంచర్ వాళ్లు ఇంకో అడుగు మెరక వేస్తారు, అప్పుడు మొదటి వెంచర్‌లోకే నీళ్లు వస్తాయి. ఒక్కొక్కరు తమ స్థలాన్ని కాపాడుకునే కొద్దీ ఊరు మొత్తం మునకకు దగ్గరవుతోంది. దీన్ని ఆపగలిగేది ఒక్కటే, ప్రతి వాగుకూ ఫలానా మట్టం దాకా ఎవరూ మట్టి పోయకూడదన్న ఉమ్మడి నియమం.

నియమం పాటించమని జనానికి చెప్పే ముందు ప్రభుత్వాలు తామే పాటించాలి. హైదరాబాదులో 1908 సెప్టెంబరు మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు, నది ఒడ్డున తోటలు వేయించారు. ఆ తర్వాతి తరాలు అదే మూసీ గర్భంలో పెద్ద బస్ స్టేషన్ కట్టాయి. 2025 సెప్టెంబరు చివర్లో ఆ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులను బయటికి తరలించాల్సి వచ్చింది. మన దగ్గర ఉండవల్లి కరకట్ట లోపల ఒక ప్రభుత్వం కట్టిన ప్రజావేదిక అనే సమావేశ భవనాన్ని 2019 జూన్‌లో తర్వాతి ప్రభుత్వం కూల్చింది. కట్టడం తప్పా, కూల్చడం తప్పా అని పార్టీలు ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. నది ఒడ్డున ఎవరు ఎంత దూరంలో కట్టుకోవచ్చో పేదకూ పెద్దకూ ఒకేలా వర్తించే గీత ఆ వాదనలో నుంచి పుట్టలేదు.

మంచి ఉదాహరణ ఒకటి మన జిల్లాలోనే తయారవుతోంది, దాన్ని తక్కువ చేయకూడదు. కొండవీటి వాగు కృష్ణలో కలిసేది ఉండవల్లి దగ్గర. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు వాగు నీరు నదిలోకి పోలేక వెనక్కి తన్ని నీరుకొండ, కృష్ణాయపాలెం పొలాలను ముంచేది. 2018లో అక్కడ 5,000 క్యూసెక్కుల నీటిని తోడి నదిలో పోసే ఎత్తిపోతల పథకం మొదలైంది. అమరావతికి అనుమతి ఇస్తూ 2017 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ వరద మైదానాన్ని గుర్తించాలని, నది సహజ ప్రవాహాన్ని మార్చకూడదని షరతులు పెట్టింది. కొండవీటి వాగు, పాలవాగు వెడల్పు చేసి, మధ్యలో జలాశయాలు తవ్వాలన్నది రాజధాని ప్రణాళిక. నీటికి ముందు చోటు చూపి తర్వాత కట్టడమన్న ఆలోచన ఇందులో ఉంది. రాజధానికి చేస్తున్న ఆ ఆలోచన చిలకలూరిపేట ఓగేరుకూ, ఒంగోలు చుట్టూ ఉన్న వాగులకూ, గుంటూరు పీకలవాగుకూ దక్కాలి.

దేశంలో కొంత భాగం సముద్రమట్టం కన్నా దిగువనే ఉన్న నెదర్లాండ్స్ వాళ్లు 1995 వరదల్లో రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. తర్వాత వాళ్లు కట్టలను ఇంకా ఎత్తు చేసి ఊరుకోలేదు. నైమేగన్ నగరం దగ్గర కట్టనే 350 మీటర్లు వెనక్కి జరిపి నదికి చోటిచ్చారు. అడ్డొచ్చిన ఇళ్లవాళ్లకు పరిహారం ఇచ్చి, ముందు మాట్లాడి, తర్వాతే తీయించారు. తెల్లవారుజామున బుల్డోజరు పంపలేదు.

మన దేశంలోనూ కేంద్రం 1975లోనే వరద మైదానాల మీద నమూనా బిల్లు తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాలు వందేళ్లకోసారి వచ్చే వరద మట్టానికి పైన, ఇళ్లు పాతికేళ్ల వరద మట్టానికి పైన ఉండాలని, తరచూ మునిగే చోట పార్కులు, ఆటస్థలాలు మాత్రమే ఉండాలని కేంద్రం మార్గదర్శకాల సారాంశం. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ లాంటి కొద్ది రాష్ట్రాలే చట్టాలు చేసుకున్నాయి. కృష్ణా గోదావరులున్న ఆంధ్రప్రదేశ్ ఆ వరుసలో లేదు.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు తిరిగాయి, పొలం గట్ల మీద రాళ్లు పడ్డాయి. రైతు సెంటు భూమి కొలవగలిగిన యంత్రానికి వాగు వెడల్పు కొలవడం కష్టం కాదు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల కలెక్టర్లు నీటిపారుదల, రెవెన్యూ సిబ్బందిని ఒకచోట కూర్చోబెట్టి పాత గ్రామ పటాల ప్రకారం వాగులకు హద్దురాళ్లు పాతించాలి. ఆ పటాన్ని ప్రతి సచివాలయం గోడ మీద తెలుగులో పెట్టాలి. ముంపు సర్వే నంబర్ల జాబితా రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఉండాలి, సంతకం పెట్టే ముందు కొనేవాడికి చూపాలి. ఇప్పటికే వాగు ఒడ్డున బతుకుతున్న పేద కుటుంబాలను, వేరే చోట ఇల్లు ఇచ్చాకే కదిలించాలి.

ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వబోతున్న పాఠకులకూ ఒక విన్నపం. బేరం తేలే ముందు ఒకసారి వానాకాలంలో ఆ పొలానికి వెళ్లండి, పక్క చేలో పనిచేస్తున్న రైతును పలకరించి 2024 వానలకు అక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో అడగండి. నీటిపారుదల శాఖ ఇచ్చిన హద్దు కాగితం చూపించమని అమ్మేవారిని అడగండి. ఆ కాగితం లేదంటే డబ్బు ఇవ్వకండి.