కోవెలను కాచిన చట్టము కొండను కాచవలదా?

అమెరికా పౌరులైన తెలుగువారికి విజ్ఞప్తి

2025 మే 27వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు ఓక్ ఫ్లాట్ అను పుణ్యస్థలము విషయమై అపాచీ తెగవారు పెట్టుకొన్న మొరను విచారణకైనను స్వీకరింపక త్రోసిపుచ్చినది. ఇది ఘోరమైన పొరపాటనియు, ఒక ప్రాచీన క్రైస్తవ దేవాలయమును పడగొట్టు వ్యవహారమే యైనచో న్యాయస్థాన మింత తేలికగా తలుపు మూసియుండదనియు న్యాయమూర్తి గోర్సచ్ అసమ్మతి వ్రాయగా, ఆయనతో ఏకీభవించినవారు థామస్ ఒక్కరే.

ఆరిజోనా రాష్ట్రమున, ఫీనిక్సు నగరమునకు తూర్పుగా 60 మైళ్ల పైచిలుకు దూరమున, టాంటో జాతీయారణ్యములో ఉన్నదా చోటు. అపాచీ స్త్రీలు తరతరములుగా ఓక్ చెట్ల క్రింద రాలిన కాయల నేరుకొని పిండి చేసికొనునది అచ్చటనే. ఈడేరిన బాలికకు నాలుగు దినముల సూర్యోదయోత్సవము జరిపి, పుప్పొడి యద్ది పెద్దలు దీవించునది అచ్చటనే. గాన్ అను దేవతలు నివసించునది, వారి విశ్వాసమున, ఆ నేలయందే. 1955లో ఐసెన్‌హోవర్ ప్రభుత్వము గనుల త్రవ్వకమును నిషేధించిన ఆ భూమిని, 2014 డిసెంబరులో రక్షణశాఖ బిల్లు చివర నొక ప్రకరణముగా చేర్చి, రిజల్యూషన్ కాపర్ అను కంపెనీకి మారకముగా నిచ్చుటకు కాంగ్రెసు అంగీకరించెను. అడుగునుండి రాగిని తోడివేయగా పైనేల క్రుంగి, దాదాపు రెండు మైళ్ల వెడల్పున, 1,000 అడుగుల లోతున గొయ్యి యేర్పడునని ప్రభుత్వ నివేదికలే చెప్పుచున్నవి.

మతాచరణపై గణనీయమైన భారము మోపరాదనియు, మోపవలసివచ్చినచో అత్యవసర ప్రయోజనమును, గత్యంతరము లేమిని ప్రభుత్వమే నిరూపింపవలెననియు 1993 నాటి మతస్వాతంత్ర్య పునరుద్ధరణ చట్టము శాసించుచుండగా, 2024లో తొమ్మిదవ సర్క్యూటు న్యాయస్థానమున పదునొకండుగురిలో ఆరుగురు ఇచ్చట భారమే లేదనిరి. వారి వాదసారాంశ మిది: ప్రభుత్వము అపాచీలను ప్రార్థింపవలదని నిర్బంధింపలేదు, ప్రార్థించినందుకు శిక్షింపలేదు, తన భూమిని తా నిచ్చుకొనుచున్నది. ఈ వాదమునకు మూలము 1988 నాటి లింగ్ తీర్పు. కాలిఫోర్నియాలో యూరోక్, కరూక్, టొలోవా జనుల పుణ్యస్థలము మీదుగా బాట వేసినచో వారి మతాచరణము దాదాపు నశించినను రాజ్యాంగ మడ్డురాదని పలికిన తీర్పది.

గుడిని కూల్చుట భారము కాదట, గుడికి పోయినవానికి జరిమానా వేయుట మాత్రమే భారమట! ఇంతకు, తనదని చెప్పుకొనుచున్న ఆ భూమి ప్రభుత్వమున కెట్లు వచ్చినది? 1870 దశాబ్దిలో సైన్యము అపాచీలను సాన్ కార్లోస్ రిజర్వేషనులోనికి తోలినది. వారు విడువవలసివచ్చిన నేల సర్కారు నేల యైనది. క్రైస్తవుని చర్చి క్రైస్తవుని ఆస్తి గనుక దానికి రక్షణ కలదు; అపాచీ దేవళమును సర్కారే లాగికొన్నది గనుక దానికి రక్షణ లేదు. ఆక్రమణమునే హక్కుపత్రముగా చూపి, ఆక్రమింపబడినవానిని కోర్టు మెట్లు దింపివేయుట న్యాయమని ఏ నోటితో నందురు? మతస్వేచ్ఛ నిచ్చు రాజ్యాంగపు మొదటి సవరణము కాగితముపై నుండవచ్చును. ఆ కొండమీద అది లేదు.

విద్యుత్తునకు రాగి కావలెనందురు. కావచ్చును, ఆ యవసరము ఇతరుల హక్కును మ్రింగునంతటిదో కాదో తేల్చుటకే గదా 1993 చట్టము విచారణ విధించినది! ప్రతివాడును ప్రతి గుట్టయు పవిత్రమనునందురు. ఆ నెపమున, తరతరముల సాక్ష్యమున్నవాని మొరను వినకుండుట తగదు.

కోర్టు మూసిన తలుపును కాంగ్రెసు తెరచుట క్రొత్త గాదు. 1970లో టావోస్ ప్యూబ్లో ప్రజలకు బ్లూ లేక్‌ను, చుట్టునున్న 48,000 ఎకరములను తిరిగి యిచ్చినది కాంగ్రెసే. లింగ్ తీర్పు అనుమతించిన బాటను 1990లో చట్టముచే ఆపినది కాంగ్రెసే. పెయోటీ ప్రసాదము స్వీకరించినందుకు ఉద్యోగములు పోయిన ఇద్దరికి నిరుద్యోగ భృతి నిరాకరింపవచ్చునని అదే యేట వచ్చిన స్మిత్ తీర్పునకు జవాబుగా 1993 చట్టమును చేసినదియు కాంగ్రెసే. కావున ఇప్పుడును రెండు పనులు చేయవలెను: 2014 నాటి భూమార్పిడి ప్రకరణమును రద్దుచేయవలెను, ప్రభుత్వభూమియందలి పుణ్యస్థలమును ధ్వంసము చేయుట మతాచరణపై గణనీయమైన భారమేయని 1993 చట్టమున స్పష్టముగా చేర్చవలెను. భూమి చేతులు మారినను, మారకున్నను, ఈ రెండవది తప్పదు. లేనిచో రేపు మరియొక తెగకు ఇదే గతి.

ఇందు మనకేమి పని యందురా? గోపురము ఎత్తనియు, కార్ల రద్దీయనియు పురపాలక సంఘములు మన ఆలయములకు అడ్డుతగిలినపుడు, మతసంస్థల భూవినియోగమునకు రక్షణ నిచ్చు 2000 సంవత్సరపు చట్టము అల్పసంఖ్యాకులమైన మనకు అండ యైనది. ఏడుకొండలను త్రవ్వివేసి, స్వామిని మరియొకచోట కొలుచుకొనుడన్నచో అది స్వేచ్ఛ యగునా? తిరుమల నెరిగినవానికి ఓక్ ఫ్లాటు వేదన వివరింప నక్కరలేదు. అండ పొందినవారు అండలేనివారి పక్షమున నిలువకున్న, మన హక్కు ఇతరుల దయాధర్మముగానే మిగులును.

మీ ప్రతినిధికిని, మీ యిద్దరు సెనేటర్లకును ఈ వారముననే ఫోను చేయుడు, ఉత్తరము వ్రాయుడు. వోట్లకై మన ఆలయములకును, సంఘముల సభలకును వచ్చు ప్రతి అభ్యర్థిని నిలబెట్టి అడుగుడు: భూమార్పిడి రద్దునకు వోటు వేయుదువా? చట్టసవరణకు వోటు వేయుదువా? రెంటికిని అవునన్నవానికే మన వోటు.